ముందు చెవి, పిమ్మట నాలుక

మన పాఠశాల వార్షికోత్సవము జరుగు దినమున వేదికమీదికి వచ్చి పద్యములు చదువువారిని, ఉపన్యసించువారిని, నాటకమాడువారిని చూచి మనమందఱము సంతోషింతుము. వారి పేళ్లు ఈ సంచికలో అచ్చుపడును. బహుమానములును వారికే. అది న్యాయమే. అయితే ఆ దినమున వేదిక వెనుక బల్లలు మోయుచు, దీపములు సరిచేయుచు, ఏడాదికొక్క పర్యాయమైనను తన గొంతు నలుగురికి వినిపింపక తప్పించుకొని తిరుగు బాలుడొకడు తఱచుగా కనబడును. ఆతనికి చెప్పవలసిన సంగతి లేక కాదు. మాట పెదవులయొద్దకు వచ్చి నిలిచిపోవును. లేదా వంకరగా వెలువడి, విన్నవారు నవ్వుదురను భయమున లోపలికే మరలిపోవును. ఈ వ్యాసము ఆ బాలునిగూర్చియు, రెండేండ్ల, మూడేండ్ల, ఐదేండ్ల ప్రాయమున నుండి అదే త్రోవను నడువ మొదలిడిన వాని తమ్ములనుగూర్చియు, చెల్లెండ్రనుగూర్చియు వ్రాయబడినది.

మా అభిప్రాయమును మొదటనే చెప్పివేయుదుము. మాట తడబడు పసిబిడ్డకు చేయవలసిన చికిత్స బిడ్డ నాలుకయొద్ద ప్రారంభము కాదు. పెద్దల చెవియొద్ద ప్రారంభమగును. బిడ్డను మన వెంట ఈడ్చుకొని పోవుట మాని, మనమే బిడ్డ వెంట నడువ నేర్చుకొనవలెను. ఈ సంగతిని మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్చుకొనలేదు. ఒక తప్పు చేసి నేర్చుకొంటిమి.

కొన్ని యేండ్ల క్రిందట మేము ప్రాథమిక తరగతులకు బోధించుచుండగా, ఉదయగిరి కొండ దిగువనున్న ఒక పల్లెనుండి ఒక బాలుడు ఒకటవ తరగతిలో చేరెను. వానికి 'ర'కారము పలుకదు, 'ల'కారముగా వచ్చును. అదిగాక మాట మొదలుపెట్టునప్పుడు మొదటి అక్షరమే మూడు నాలుగు మాఱులు వెలువడును. శిక్షణ పొందిన ఉపాధ్యాయులమను గర్వము మాకుండెను. దినమునకు పది నిమిషములు వానిని బల్లయొద్ద నిలువబెట్టి, 'రాయి అనుము, రాత్రి అనుము, రాముడు అనుము' అని పలికించుచుంటిమి. వాడు 'లాయి' అనును, తరగతి నవ్వును, మేము మరల అనుమందుము. తొలి వారమున పది మాటలు పలికినవాడు రెండవ వారమున ఐదు పలికెను. నెల తిరుగునప్పటికి హాజరు పిలిచినప్పుడు చేయి యెత్తుటయే గాని నోరు తెఱచుట మానెను. పిమ్మట బడికి వచ్చుటయే మానెను.

నాలుగు దినములైన తరువాత తల్లి వచ్చెను. 'అయ్యవారూ, మీరు చేసినది మా మంచికే. కాని బిడ్డ రాత్రులు ఉలికిపడి లేచుచున్నాడు. ఇంటిలో వాడిట్లు కాదు. మేకపిల్లతో పొద్దు గూకువఱకు ఏదో యొకటి చెప్పుచునే యుండును' అని చెప్పెను. ఆమె కోపపడలేదు. కోపపడియుండిన మాకు కొంత తేలికగా నుండెడిది.

ఆ సాయంకాలమే మేము వారి యింటికి పోతిమి. ఆ బాలుడు వేపచెట్టు క్రింద కూర్చుండి మేకపిల్లకు తుమ్మకాయలు తినిపించుచుండెను. మేము ఏమియు మాటలాడక కొంచెము దూరమున నేలమీదనే కూర్చుంటిమి. చాల సేపటికి వాడు మావైపు తిరిగి, 'దాని పేలు లాణి' అనెను. సరిదిద్దవలెనని నాలుక దురద పెట్టినది గాని అణచుకొని, 'ఓహో, రాణియా! రాణికి తుమ్మకాయలనిన అంత యిష్టమా?' అంటిమి. అంతే. రాణి ఎట్లు పుట్టినదో, దాని తల్లి ఎట్లు దానిని దగ్గఱకు రానీయలేదో, తాను సీసాతో పాలెట్లు పట్టెనో ఆ బాలుడు చెప్పుకొని పోయెను. నడుమ ఎన్నియో మాఱులు తడబడెను. మేకపిల్ల దేనికిని తప్పు పట్టలేదు. ఆనాడు మేము మేకపిల్లవద్దనే పాఠము నేర్చుకొంటిమి.

మార్కు సువార్త 7వ అధ్యాయమున చెవుడును నత్తియు గల ఒక మనుష్యుని వృత్తాంతము కలదు. ఆదివారపు బడిలో మేమెన్నియో పర్యాయములు బోధించినదే. అయినను అందలి క్రమమును గమనించినది ఆ బాలుని యింటినుండి తిరిగి వచ్చిన పిమ్మటనే. ప్రభువు మొట్టమొదట ఆ మనుష్యుని జనసమూహమునుండి ఏకాంతమునకు తోడుకొని పోయెను. తరువాత ఆతని చెవులయందు వ్రేళ్లుంచెను. ఆ పిమ్మటనే నాలుక ముట్టెను. మేము చేసినది దీనికి తలక్రిందు. తరగతియందలి పిల్లలందఱి యెదుట బిడ్డను నిలువబెట్టితిమి; చెవి సంగతి విచారింపనే లేదు; నేరుగా నాలుకమీద పడితిమి. మేము చెప్పవలసిన దంతయు ఈ మూడింటిలోనే యున్నది: ఏకాంతము, చెవి, నాలుక. ఈ వరుస తప్పరాదు.

మొదట చెవి సంగతి. వినని శబ్దమును ఏ నాలుకయు పలుకనేరదు. పుట్టుకతోనే వినికిడి తక్కువగా నుండు బిడ్డలు కొందఱు. పుట్టుకతో బాగుగ విని, మాటిమాటికి పడిశము పట్టి చెవిలోపల నీరు నిలిచినందువలననో, చీము కారినందువలననో మందముగా వినువారు మఱికొందఱు. ఇట్టి బిడ్డ తరగతిలో పరధ్యానముగా నున్నట్లు కనబడును. 'పిలిచిన పలుకడు, మొండివాడు' అని మనము దెబ్బ కొట్టుదుము. కావున మాట ఆలస్యమైన బిడ్డకును, మాట స్పష్టముగా లేని బిడ్డకును మొదటి మందు వినికిడి పరీక్షయే. బిడ్డ నొచ్చుకొను పరీక్ష కాదది. నెలల బిడ్డకైనను చేయవచ్చును.

మాట యెప్పుడు రావలెనను ప్రశ్న తల్లులు తఱచుగా అడుగుదురు. బిడ్డలందఱు ఒక్క తీరున పెరుగరు గాని, వైద్యులు చూచు గుర్తులు కొన్ని కలవు. ఇంచుమించు ఏడాది నిండునప్పటికి ఒకటి రెండు మాటలు, పేరుపెట్టి పిలిచిన తిరిగి చూచుట, వ్రేలితో చూపుట కనబడవలెను. రెండేండ్లకు 'అమ్మ రా', 'పాలు కావాలి' అనునట్లు రెండేసి మాటలు కూర్చవలెను. మూడేండ్లకు చెప్పినదానిలో ఎక్కువ భాగము పరాయివారికిని తెలియవలెను. అక్షరములలో ప, బ, మ, త, న వంటివి ముందుగా వచ్చును. ర, ళ, ణ, ష వంటివియు, ఒత్తు పలుకులును వెనుకగా వచ్చును. కాబట్టి మూడేండ్ల బిడ్డ 'రాయి'ని 'లాయి' యన్నంత మాత్రమున రోగమని భయపడ పనిలేదు, అది ముద్దుమాటయే. కాని ఏడాదిన్నర దాటినను ఒక్క మాటయు లేకుండుట, వచ్చిన మాటలు పోవుట, కన్నెత్తి చూడకుండుట, పిలిచిన తిరుగకుండుట కనబడినచో ఒక్క నెలయైనను ఆగరాదు. ఆటిజము మొదలగు సంగతులు వైద్యులు చూడవలసినవి.

గ్రహణమొర్రి అను పేరులోనే ఒక అపోహ యున్నది. గర్భిణి గ్రహణమును చూచుటవలన పెదవి చీలదు. లోకములో ఇంచుమించు 700 జననములకొకటి చొప్పున ఈ విధముగ బిడ్డలు పుట్టుచున్నారు. పెదవికి తొలి నెలలలోను, అంగిలికి మాట ముదురక మునుపు, అనగా ఏడాది యటునిటుగను శస్త్రచికిత్స చేయుదురు. కుట్టు మానినంత మాత్రమున పని ముగియలేదు. గాలి ముక్కులోనికి పోకుండ నోట నిలుపుట బిడ్డ నేర్చుకొనవలెను. దానికి అభ్యాసము కావలెను.

ఇక నత్తి. ఇది సాధారణముగా రెండేండ్లకును ఐదేండ్లకును నడుమ మొదలగును. నూటికి ఇంచుమించు ఐదుగురు బిడ్డలు ఏదో యొక కాలమున నత్తి పలుకుదురు; వారిలో ముప్పాతికమందికి అది తనంతట తానే పోవును. భయపెట్టుటవలన గాని, నత్తివారిని అనుకరించుటవలన గాని, తల్లి పెంపకము చెడుటవలన గాని నత్తి పుట్టదు. మెదడులో మాటను నడిపించు ఏర్పాటునందును, వంశములోను దాని మూలమున్నదని నేటి శాస్త్రము చెప్పుచున్నది. కాబట్టి కోడలిని నిందించుట మానవలెను. అయితే ఏ బిడ్డకు పోవునో, ఏ బిడ్డకు నిలుచునో ముందుగా ఎవరును చెప్పలేరు. ఆఱు నెలలు దాటియు నిలిచినను, కుటుంబములో నత్తివారున్నను, మాట తీయుటకు బిడ్డ మెడనరములు బిగించుచున్నను, వాక్చికిత్సకులకు చూపవలెను. 'పెద్దవాడైన అదే పోవును' అని కూర్చుండుట సగము నిజమును నమ్మి బిడ్డను పణముగా ఒడ్డుటయే.

మన ప్రాంతమున సాగుచున్న వైద్యములను చూడుడు. మాట త్వరగా రావలెనని వసకొమ్ము అరగదీసి నాకించుట ఒకటి. ఎక్కువ మాటలాడువారిని వసపిట్ట యనుట మన భాషలో నిలిచిపోయినంతగా ఆ నమ్మకము పాతుకొన్నది. వసవలన మాట వచ్చినట్లు రుజువు లేదు. పసిబిడ్డకు వాంతులు పట్టుకొనుట మాత్రము కలదు. నోటిలో గులకరాళ్లుంచి చదివించుట మఱొకటి. అది గొంతుకు అడ్డుపడినచో ప్రాణమునకే అపాయము. నాలుక క్రింది పొరను కోయించిన మాట వచ్చునని కొందఱు తిరుగుదురు. నాలుక కదలికకు నిజముగా అడ్డమున్నదని వైద్యులు చెప్పిననే గాని దానితో పనిలేదు. అనుమసముద్రంపేట దర్గాకును, తిరునాళ్లకును, మన ప్రార్థన కూటములకును బిడ్డల నెత్తుకొని పోవు తల్లులను మేము తప్పుపట్టము. మ్రొక్కు తల్లి కన్నీటిలోనుండి వచ్చినది. మేమడుగునది ఒక్కటే: ఆ ప్రయాణముతోపాటు ఆసుపత్రి ప్రయాణమునుకూడ చేయుడు.

క్రొత్తగా వచ్చిన వైద్యమొకటి ఫోను. బిడ్డ ఏడ్చిన చేతిలో ఫోను పెట్టుదుము; 'మాటలు నేర్చుకొనును' అని సమాధానపడుదుము. ఫోను మాటలాడును గాని వినదు. బిడ్డకు కావలసినది వినువారు. ఏడాదిలోపు బిడ్డకు తెర చూపనే కూడదనియు, రెండేండ్లు మొదలు నాలుగేండ్లవఱకు దినమునకు ఒక గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019వ సంవత్సరమున సలహా యిచ్చినది. కూలికై తల్లిదండ్రులు దూరప్రాంతములకు పోయి, అవ్వతాతలు మాత్రమే యింటనున్న పల్లెలలో ఈ మాట మఱింత ముఖ్యము. చదువు రాని అవ్వ యైనను, చెంత కూర్చుండబెట్టుకొని మాటలాడినచో, ఆ ఫోనుకన్న మంచి గురువు.

మఱొక భ్రమనుకూడ తొలగింపవలెను. ఉదయగిరిలో ఇంటిలో ఉర్దూ, వీథిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు వినుచు పెరుగు బిడ్డలున్నారు. 'రెండు భాషలు కలియుటచేతనే మాట రాలేదు. ఇంటిభాష మానుడు' అని వారికి సలహా యిచ్చు అయ్యవార్లున్నారు. అది పొరపాటు. రెండు భాషలవలన మాటదోషము కలుగదు. తల్లికి ఏ భాష హృదయమునుండి వచ్చునో ఆ భాషలోనే బిడ్డతో మాటలాడవలెను. అట్లే యానాది కుటుంబముల బిడ్డల పలుకుబడి పుస్తకపు తెలుగువలె లేనంతమాత్రమున అది దోషము కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర బిడ్డలకు చదువు చెప్పవలెనని తలంచి, ముందు తామే సవరభాష నేర్చుకొనిరి. బిడ్డను తమ భాషలోనికి లాగక, బిడ్డ భాషలోనికి తాము దిగిరి. బిడ్డను నడుమ నుంచుకొనుట యనగా ఇదియే.

ఆసుపత్రులలో స్పీచి థెరపీ యని పిలువబడు వాక్చికిత్స నేడు పసిబిడ్డలయెడ ఈ మార్గముననే నడుచుచున్నది. చికిత్సకులు బల్లకావల కూర్చుండి అక్షరములు పలికింపరు. చాపమీద బిడ్డ కన్నుల యెత్తుకు దిగి కూర్చుందురు. బిడ్డ ఏ బొమ్మను పట్టిన ఆ బొమ్మ సంగతియే మాటలాడుదురు. బిడ్డ పలుకుటకు వ్యవధి యిచ్చి కాచుకొని యుందురు. ప్రశ్నలు తగ్గించి, కనబడుచున్నదానిని చెప్పుచుందురు. బిడ్డ 'బండి' యన్న, 'అవును, ఎఱ్ఱ బండి వచ్చినది' అని ఒక మాట చేర్చి తిరిగి యిత్తురు. 'లాయి' యన్న, 'అవును, పెద్ద రాయి' అని సరియైన రూపమును వినిపింతురు గాని, 'అట్లు కాదు, మరల అనుము' అనరు. తప్పు దిద్దబడును, బిడ్డ మాత్రము అవమానపడదు.

ఈ మార్గము క్రొత్తది కాదు. హెలెన్ కెల్లరు కథ మన విద్యార్థులెఱిగినదే. 1887వ సంవత్సరమున ఆమెకు ఉపాధ్యాయినిగా వచ్చిన ఆన్ సలివన్ మొదట పాఠములవలె మాటలు నేర్పజూచెను. పిమ్మట ఆ యింటి బంధువుల పసిబిడ్డ యొకతె మాట నేర్చుకొను విధమును గమనించి, పాఠములు మాని, తల్లులు పసిబిడ్డ చెవిలో మాటలాడునట్లు హెలెను అరచేతిలో దినమంతయు మాటలాడ నారంభించెను. ఆ శిష్యురాలే 1955వ సంవత్సరమున మన దేశమునకు వచ్చి ఉపన్యసించెను. నత్తిగల ఆఱేండ్లలోపు బిడ్డలకై ఆస్ట్రేలియా దేశపు సిడ్నీ నగరమున రూపొందిన లిడ్‌కోంబ్ పద్ధతియందు చికిత్స చేయువారు తల్లిదండ్రులే. చికిత్సకులు వారికి దారి చూపుదురు. ఆటల నడుమ బిడ్డ మాట నున్నగా వచ్చినప్పుడు తల్లి మెచ్చుకొనును. తడబడిన ప్రతిమాటను ఎత్తిచూపుట అందు లేదు.

ఎత్తిచూపుటవలన కలుగు కీడునకు చరిత్రలో ఒక చేదు సాక్ష్యము కలదు. 1939వ సంవత్సరమున అమెరికాలోని అయోవా రాష్ట్రమున, విశ్వవిద్యాలయమువారు ఒక అనాథాశ్రమములోని 22 మంది బిడ్డలపై ఒక పరిశోధన చేసిరి. నత్తి లేని కొందఱు బిడ్డలతో 'నీకు నత్తి వచ్చుచున్నది, జాగ్రత్త, తప్పు లేకుండ మాటలాడగలిగిననే మాటలాడుము' అను భావమున పదేపదే చెప్పిరి. ఆ బిడ్డలకు నిజమైన నత్తి రాలేదు గాని, వారు మాటలాడుటకే వెఱచి ముడుచుకొని పోయిరి. ఆ సంగతి బయటపడగా 2001వ సంవత్సరమున ఆ విశ్వవిద్యాలయమువారు క్షమాపణ చెప్పిరి. మేము ఆ వార్త చదివినప్పుడు మా బల్లయొద్ద నిలిచియుండిన బాలుడు కన్నులకు కట్టెను. వారు పరిశోధన యనిరి. మేము శిక్షణ యంటిమి. బిడ్డకు రెండును ఒక్కటే.

ఇక్కడ పెద్దలొక ఆక్షేపణ చేయుదురు. 'బిడ్డ ఇచ్చకు విడిచిన చెడిపోవును. సాధనచేతనే గదా పనులు సమకూరుట' యందురు. ఆక్షేపణలో బలము లేకపోలేదు. అంగిలి కుట్టిన బిడ్డకును, నోటి కదలికలను మెదడు సరిగా కూర్చలేని బిడ్డకును మాటిమాటికి అభ్యాసము అవసరమే. బిడ్డను నడుమ నుంచుటయనగా సాధన మానుట కాదు. సాధనను బిడ్డ ఆటలోనికి తెచ్చుట. దాగుడుమూతలలో ఇరువది పర్యాయములు 'రా' యని పిలిచిన బిడ్డ, బల్లయొద్ద ఇరువది పర్యాయములు 'ర' యన్న బిడ్డకంటె తక్కువ సాధన చేయలేదు. ఉదయగిరి చెక్క గరిటెలు రెండు చేతికిచ్చి వంటయాట ఆడించినచో, 'గరిటె'లోని రకారము ఎన్ని పర్యాయములు వచ్చునో లెక్కించి చూడుడు.

మఱియొక సంగతి. అమెరికా బాప్టిస్టు మిషనరీలు మొట్టమొదట మన దేశమునకు వచ్చినప్పుడు వారికి తెలుగు రాదు. మన ళకారమును, ణకారమును, ఒత్తులును వారి నాలుకలను ఎంత బాధించియుండునో ఊహింపవచ్చును. సంతలోని జనులు వారిని బల్లయొద్ద నిలువబెట్టలేదు. ఏమి చెప్పుచున్నారో వినిరి. తెలియనిచో తామే మాటనందించిరి. ఆ ఓర్పు లేకున్న ఈ బడులు లేవు. పరదేశి పెద్దలకు చూపిన ఓర్పును మన యింటి బిడ్డకు చూపలేమా?

ఇక సహాయము ఎక్కడ దొరకును? 2013వ సంవత్సరమున మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండు పర్యాయములును, ప్రభుత్వపు బడులకు ఒక పర్యాయమును వచ్చి బిడ్డలను పరీక్షింపవలసియున్నది. ఆ దినమున బిడ్డను ఇంట నుంచుకొనక పంపుడు. సందేహమును మీరే నోరు తెఱచి చెప్పుడు. ప్రత్యేకావసరములుగల బిడ్డలకై మన రాష్ట్రమున మండల కేంద్రములలో భవిత కేంద్రములు ఏర్పడినవి. తిరుపతిలో దేవస్థానమువారు వినికిడిలోపముగల పసిబిడ్డలకై శ్రవణం అను కేంద్రమును నడుపుచున్నారు. చెన్నపట్టణమున 1969వ సంవత్సరమున స్థాపింపబడిన బాలవిద్యాలయమున చెవిటి పసిబిడ్డలతోపాటు తల్లులును బడికి వచ్చి నేర్చుకొందురు. మైసూరులో 1965వ సంవత్సరమున వెలసిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ విద్యకు దేశమునందు పెద్ద పీఠము. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో వాక్కునకును భాషకును సంబంధించినదియు ఒకటి. అనగా ఇది దయాధర్మము కాదు, హక్కు.

హక్కు పుస్తకములో నున్నది; త్రోవ మాత్రము దూరము. ఉదయగిరినుండి నెల్లూరునకు ఇంచుమించు 100 కిలోమీటర్లు. వారమునకొక పర్యాయము బిడ్డతో పోయి రావలెనన్న కూలి దినమొకటి పోవును, బస్సు ఛార్జీలు పోవును. రెండు నెలలు తిరిగి మానుకొనిన తల్లిని సోమరి యనుట అన్యాయము. అందుచేతనే చికిత్సలో ఎక్కువ భాగము ఇంటను బడిలోను సాగవలెనని మా వాదము. చికిత్సకులు నెలకొక పర్యాయము దారి చూపినచో, తక్కిన దినములు తల్లి, అవ్వ, అంగన్‌వాడీ కార్యకర్త, ఒకటవ తరగతి అయ్యవారు నడిపింపగలరు. ఉదయగిరిలోను ఆత్మకూరులోను నెలకొక దినమైన చికిత్సకులు వచ్చి కూర్చుండునట్లు ప్రభుత్వము ఏర్పాటు చేయవలెను. మన మిషనువారు ఒక గదిని, ఒక చాపను, శిక్షణ పొందుటకు ఒక ఉపాధ్యాయినిని ఈయవలెను. మందిరముల మరమ్మతునకు చందాలెత్తు మనకు ఇది భారము కాదు.

తల్లిదండ్రులకు మా విన్నపము: దినమునకు ఐదు నిమిషములు, ఒక్క బిడ్డతో, ఫోను లేకుండ, బిడ్డ కోరిన ఆట ఆడుడు. మీ మాట నెమ్మదిగా నుండనిండు. 'నిదానముగా చెప్పు, ఊపిరి పీల్చుకో' అని ఆజ్ఞాపింపకుడు. బిడ్డ నోటిలోని మాటను మీరు పూర్తిచేయకుడు. ఎట్లు చెప్పుచున్నాడని కాక, ఏమి చెప్పుచున్నాడని వినుడు.

ఉపాధ్యాయులకు: నత్తిగల విద్యార్థిని హఠాత్తుగా లేపి చదివింపకుడు, ముందుగా ఏకాంతమున అడిగి, ఆతనికి ఏది సులభమో తెలిసికొనుడు. హాజరునకు నోటిమాటయే కావలెనను నియమమును సడలింపుడు. కలిసి చదువునప్పుడును, పాడునప్పుడును నత్తి తఱచుగా మాయమగును. కావున ఆదివారపు బడిలో కంఠస్థ వచనములను ఇద్దఱు ముగ్గురు కలిసి చెప్పునట్లు చేయుడు. పలుకని బిడ్డను దండించుటకు ముందు వినికిడి పరీక్ష చేయింపుడు.

విద్యార్థులారా, మీతో ఒక్క మాట. 'నత్తోడు' అని మీరు పెట్టిన పేరు ఆటస్థలములో పుట్టి ఆటస్థలములో చావదు. అది ఆ బాలునితోపాటు పెండ్లిపందిటికి, ఉద్యోగపు గదికి వెళ్లును. మీ స్నేహితుడు తడబడినప్పుడు నేల చూడకుడు, నవ్వకుడు, తొందరపెట్టకుడు. మాట ముగియువఱకు ముఖము చూచి నిలువుడు. అంతకంటె గొప్ప వైద్యము మీ చేత లేదు.

ఆ మేకపిల్ల బాలుడు మరల బడికి వచ్చెను. ఆతని చెవులను పరీక్ష చేయించితిమి, బాగుగనే యున్నవి. రకారము కొంత కాలమునకు వచ్చెను. నత్తి పూర్తిగా పోలేదు. నేటికిని కొన్ని మాటలయొద్ద ఆగును. కాని ఆగి, తరువాత చెప్పును. చెప్పుట మానలేదు. చికిత్సకు ఫలము ఇదియేయని మేము తలంచుచున్నాము: తడబడకుండుట కాదు, వెఱవకుండుట.

రాబోవు వార్షికోత్సవమున మన వేదికమీద అట్టి కంఠమొకటి వినబడవలెనని మా కోరిక. ఆ బాలుడో బాలికయో తానై కోరుకొని రావలెను, ఎవరును బలవంతపెట్టరాదు. పద్యము రెండు నిమిషములలో ముగియవచ్చును, ఐదు నిమిషములు పట్టవచ్చును. అంతసేపును మనము కదలక కూర్చుండి వినగలిగితిమా, ఆ దినపు మొదటి బహుమానము సభవారిదే.